ఎఫ్ఐఆర్ నుంచి విడుదల దాకా: నేర న్యాయ విద్యార్థి ముందున్న దారులు

క్రిమినాలజీ, ఫోరెన్సిక్ సైన్స్, క్రిమినల్ లా... వీటిలో ఏది చదువుతున్నానని చెప్పినా మన ఇళ్లలో పెద్దవాళ్లు అనేది ఒకటే మాట: “అయితే ఎస్సైకి ప్రిపేర్ అవుతున్నావన్నమాట!” ఆ మాటలో తప్పేమీ లేదు. పోలీసు కొలువు గౌరవమైనదే. ఇబ్బందల్లా ఆ ఒక్క కొలువు చేజారితే చదువంతా వృథా అయిందని పిల్లలూ పెద్దలూ నమ్మేయడంతోనే వస్తోంది. రెండు మూడు నోటిఫికేషన్ల కోసం హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో ఏళ్లు గడిపి, వయసు దాటాక ఏం చేయాలో తెలియక ఊరికి తిరిగివెళ్లే యువకులు మనకు కొత్త కాదు. వాళ్లలో చాలామందికి తమ చదువుకు ఇంకెన్ని దారులున్నాయో చెప్పినవాళ్లే లేరు.

ఒక కేసు ఎలా నడుస్తుందో చూడండి. ఫిర్యాదు అందుతుంది, ఎఫ్ఐఆర్ నమోదవుతుంది. పంచనామా జరుగుతుంది, ఆధారాలు ల్యాబుకు వెళతాయి. అరెస్టు, రిమాండ్, బెయిలు, ఛార్జిషీటు, సాక్షుల విచారణ, తీర్పు, జైలు లేదా ప్రొబేషన్, చివరికి విడుదల. ఈ ప్రతి మజిలీలోనూ చదువుకున్న మనిషి అవసరం ఉంది. మన విద్యార్థులు మాత్రం మొదటి మజిలీ దగ్గరే గుంపుగా నిలబడుతున్నారు. కాబట్టి ముందు ఏ మజిలీలో పనిచేయాలో తేల్చుకోవాలి. ఏం చదవాలన్నది ఆ తర్వాతి ప్రశ్న. దారులన్నిటినీ ఆ క్రమంలోనే పరిశీలిద్దాం.

డిగ్రీ పేరుకు ఉన్న విలువ

అమెరికాలో క్రిమినల్ జస్టిస్ పేరుతోనే డిగ్రీలు విరివిగా ఉన్నాయి. పోలీసులు చదువుకున్నవాళ్లై ఉండాలని బర్క్‌లీ పోలీసు అధిపతి ఆగస్ట్ వోల్మర్ గత శతాబ్దం తొలినాళ్లలోనే పట్టుబట్టాడు. 1967లో అధ్యక్షుడు నియమించిన నేర కమిషన్ నివేదిక వచ్చాక, 1968 చట్టంతో పోలీసుల చదువుకు ఫెడరల్ డబ్బు అందింది. కాలేజీల్లో ఈ కోర్సులు వేగంగా పెరిగాయి. అంటే అక్కడ ఉద్యోగమూ చదువూ ఒకదాన్నొకటి లాక్కొచ్చాయి.

మన దేశంలో కథ వేరు. సాగర్ విశ్వవిద్యాలయంలో 1959లో క్రిమినాలజీ, ఫోరెన్సిక్ సైన్స్ శాఖ మొదలైంది. మద్రాసు విశ్వవిద్యాలయం, ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ ఈ చదువుకు మంచి పేరు తెచ్చాయి. కానీ నియామక నిబంధనలు ఈ డిగ్రీతో ముడిపడలేదు. ఎస్సై కావాలంటే ఏదో ఒక డిగ్రీ చాలు. ప్రాసిక్యూటర్ కావాలంటే లా పట్టా ఉండాలి. ల్యాబులో చేరాలంటే సైన్సు చదివి ఉండాలి. ‘క్రిమినాలజీ చదివినవారే అర్హులు’ అని రాసిన నోటిఫికేషన్ మన రాష్ట్రాల్లో కనబడటం అరుదు.

చదువు ఎంచుకునేముందు విద్యార్థికి తెలియాల్సిన మొదటి నిజం ఇది. క్రిమినాలజీ ఒక్కటే చదివితే చూపు విశాలమవుతుందే కానీ తలుపులు వాటంతటవి తెరుచుకోవు. దాని పక్కన రెండో అర్హత ఒకటి నిలబడాలి: లా, సైన్సు, సోషల్ వర్క్, సైకాలజీ, కంప్యూటర్లలో ఏదో ఒకటి. ఏది అన్నది మీరు ఎంచుకునే మజిలీ చెబుతుంది.

ఖాకీ దారి

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కానిస్టేబుల్, ఎస్సై నియామకాలు పోలీసు నియామక మండళ్ల ద్వారా జరుగుతాయి. కానిస్టేబుల్‌కు ఇంటర్, ఎస్సైకి డిగ్రీ అర్హత. ప్రిలిమ్స్, దేహదారుఢ్య పరీక్షలు, తుది రాత పరీక్ష వరుసగా ఉంటాయి. పురుషులకు సాధారణంగా 167.6 సెంటీమీటర్ల ఎత్తు, 1600 మీటర్ల పరుగు తప్పవు. డీఎస్పీ కావాలంటే గ్రూప్-1, ఐపీఎస్ కావాలంటే సివిల్స్. సివిల్స్ ఆప్షనల్స్‌లో క్రిమినాలజీ లేదు. లా, సోషియాలజీ, సైకాలజీ, ఆంత్రోపాలజీ ఉన్నాయి, మన విద్యార్థి చదివినదానికి దగ్గరగా ఉండేవి ఇవే.

రాష్ట్ర పోలీసు శాఖ ఒక్కటే ఖాకీ కాదు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహించే సీజీఎల్ ద్వారా సీబీఐ, ఎన్ఐఏలలో ఎస్సై పోస్టులు, ఈడీలో అసిస్టెంట్ ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసర్ పోస్టులు భర్తీ అవుతాయి. ఢిల్లీ పోలీసు, కేంద్ర సాయుధ బలగాల్లో ఎస్సై పోస్టులకు వేరే పరీక్ష ఉంది. ఆర్థిక నేరాల దర్యాప్తుపై ఆసక్తి ఉన్న కామర్స్ విద్యార్థికి పరుగు పందెం కంటే సీజీఎల్ అనువైన దారి. గ్రూప్స్‌కు చదివే పిల్లల్లో సగం మందికైనా ఈ సంగతి గట్టిగా చెప్పాలి.

క్లూస్ టీం, ల్యాబు

2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చాయి. నేర న్యాయ విద్యార్థుల భవిష్యత్తును ఇటీవలి కాలంలో ఇంతగా మార్చినది మరొకటి లేదు. సురక్షా సంహితలోని 176వ సెక్షన్ ప్రకారం ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి, అదంతా వీడియో తీయాలి. దీన్ని అమలు చేసుకోవడానికి రాష్ట్రాలకు అయిదేళ్ల వ్యవధి ఇచ్చారు. సోదా చేసినా, వస్తువులు స్వాధీనం చేసుకున్నా వీడియో రికార్డింగ్ ఉండాలని 105వ సెక్షన్ చెబుతోంది. సాక్ష్య అధినియం ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే సంకేతం) నమోదు చేయాలి, ఒక భాగం మీద నిపుణుడు సంతకం పెట్టాలి.

ఈ మాటలన్నీ ఒక ఇంట్లో దొంగతనం జరిగిన చోట ఎలా కనిపిస్తాయో ఊహించండి. బీరువా తలుపు మీద వేలిముద్రల కోసం పౌడరు చల్లి, బ్రష్‌తో తుడిచి, టేపుతో ఎత్తేది క్లూస్ టీంలో ఒకరు. గోడ దూకిన చోట మట్టిలో పడిన అడుగు గుర్తును స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసేది మరొకరు. కిటికీ ఊచకు అంటిన రక్తపు మరకను స్వాబ్‌తో తీసి, ఆరబెట్టి, కవరులో పెట్టి, సీలు వేసి, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో రాసుకునేది ఇంకొకరు. ఆ చేతుల వరుసలో ఒక్క సంతకం తప్పిపోయినా రెండేళ్ల తర్వాత డిఫెన్సు లాయరు కోర్టులో దాన్నే పట్టుకుంటాడు. కేసు గెలుపోటములు ఇంత చిన్న పనుల మీద ఆధారపడతాయి. ఓపిక, శుభ్రత, రాతకోతల్లో నిజాయతీ ఉన్నవాళ్లే ఈ పనికి తగినవాళ్లు. సినిమా చూసి వచ్చిన ఉత్సాహం రెండో రోజుకే చల్లారిపోతుంది.

తెలుగువాళ్లకు ఇక్కడొక అదృష్టం ఉంది. కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల, డిటెక్టివ్ శిక్షణ సంస్థ హైదరాబాద్ రామంతాపూర్‌లో ఉన్నాయి. డీఎన్ఏ పరీక్షల్లో దేశానికే పేరుమోసిన సీడీఎఫ్‌డీ ఉప్పల్‌లో ఉంది. దేశంలో డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్‌కు పునాది వేసిన డాక్టర్ లాల్జీ సింగ్ పనిచేసింది హైదరాబాద్‌లోని సీసీఎంబీలోనే. తెలంగాణ రాష్ట్ర ల్యాబు రెడ్‌హిల్స్‌లో, ఆంధ్రప్రదేశ్ ల్యాబు మంగళగిరిలో ఉన్నాయి. 

చదువు విషయానికొస్తే ఉస్మానియాలో ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ సైన్స్ ఉంది. 2020 చట్టంతో జాతీయ హోదా పొందిన గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ సైన్సుల విశ్వవిద్యాలయంలో టాక్సికాలజీ, డిజిటల్ ఫోరెన్సిక్స్, ఫోరెన్సిక్ సైకాలజీ వంటి విభాగాలున్నాయి. అయితే ఒక జాగ్రత్త అవసరం. ల్యాబుల్లో పోస్టులు భౌతిక, రసాయన, జీవ, కంప్యూటర్ విభాగాల వారీగా వస్తాయి. కొన్ని నోటిఫికేషన్లు ఫోరెన్సిక్ పట్టాను ఒప్పుకుంటాయి, కొన్ని కెమిస్ట్రీ లేదా జువాలజీ ఎమ్మెస్సీనే అడుగుతాయి. చేరేముందు పాత నోటిఫికేషన్లు నాలుగైదు తీసి, అర్హతల గడిని అక్షరం వదలకుండా చదవాలి. కాలేజీ బ్రోచరులో రాసిన వంద శాతం ప్లేస్‌మెంట్ కంటే ఆ గడిలోని ఒక్క వాక్యం నమ్మదగినది.

నల్లకోటు: రెండు వైపులా

క్రిమినాలజీ చదివినవారికి అత్యంత బలమైన రెండో అర్హత లా. లాసెట్ ద్వారా మూడేళ్ల, అయిదేళ్ల కోర్సులు, క్లాట్ ద్వారా శామీర్‌పేటలోని నల్సార్, అనకాపల్లి జిల్లాలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం అందుబాటులో ఉన్నాయి. బార్ కౌన్సిల్ పరీక్ష ప్యాసైతే వకాల్తా వేయొచ్చు.

కోర్టు హాల్లో ప్రభుత్వం తరఫున నిలబడేది అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్. ఈ పోస్టులకు తెలుగు రాష్ట్రాల్లో పోలీసు నియామక మండళ్లే పరీక్ష పెడుతున్నాయి. లా పట్టాతోపాటు క్రిమినల్ కోర్టుల్లో మూడేళ్ల ప్రాక్టీసు అడుగుతారు. సివిల్ జడ్జి పరీక్షకు కూడా మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మేలో తీర్పు ఇచ్చింది. కాబట్టి పట్టా చేతికి రాగానే కోచింగ్ సెంటర్‌లో కూర్చునే అలవాటు ఇక పనికిరాదు. జిల్లా కోర్టులో సీనియర్ దగ్గర చేరి రిమాండ్ పేపర్లు, బెయిలు పిటిషన్లు, అడ్డం తిరిగిన సాక్షులు, వాయిదాల మీద వాయిదాలు కళ్లారా చూడాలి. ఆ మూడేళ్లలో సంపాదన తక్కువ, నేర్చుకునేది ఎక్కువ. ఇంటి నుంచి ఆసరా లేని పిల్లలకు ఇది పెద్ద భారమే. కొత్త న్యాయవాదులకు స్టయిపెండ్ ఇవ్వడాన్ని ప్రభుత్వాలు దానంగా కాక పెట్టుబడిగా చూడాలి.

రెండో వైపు, అంటే నిందితుడి పక్షం గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడరు. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నలుగురిలో ముగ్గురి నేరం ఇంకా రుజువు కాలేదు. వాళ్లలో లాయరును పెట్టుకోలేని పేదల కోసం జాతీయ న్యాయ సేవల సంస్థ 2022లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ విధానాన్ని తెచ్చింది. జిల్లా స్థాయిలో చీఫ్, డిప్యూటీ, అసిస్టెంట్ కౌన్సెళ్లను కాంట్రాక్టు మీద పూర్తికాలం నియమిస్తారు. అసిస్టెంట్ స్థాయికి మూడేళ్లలోపు అనుభవం ఉన్నవాళ్లకు, అంటే అప్పుడే కోటు తొడిగిన న్యాయవాదికి కూడా అవకాశం ఉంది. తొలిసారి కేసులో ఇరుక్కున్న విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లో గడిపితే విడుదలకు అర్హుడని సురక్షా సంహిత 479వ సెక్షన్ చెబుతోంది. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకూ, ఒకటికి మించి కేసులున్నవారికీ ఇది వర్తించదు. అర్హులైన వాళ్లను వెతికి పట్టుకుని పిటిషన్ వేసే యువ లాయరు ఒక్కడుంటే ఒక జైలు బ్యారక్ ముఖచిత్రమే మారుతుంది.

జైలు గోడల లోపల, ప్రొబేషన్ గదిలో

డిప్యూటీ జైలర్ పోస్టులకు పోలీసు నియామక మండళ్లు, డిప్యూటీ సూపరింటెండెంట్ పోస్టులకు గ్రూప్-1 దారి. చంచల్‌గూడలోని రాష్ట్ర శిక్షణ సంస్థ, వేలూరులోని కరెక్షనల్ అకాడమీ ఈ ఉద్యోగులకు శిక్షణనిస్తాయి. ఖైదీని కాపలా కాయడమే పనైతే క్రిమినాలజీ అక్కర్లేదు. అతను బయటికి వెళ్లాక మళ్లీ లోపలికి రాకుండా చూడటమే పనైతే క్రిమినాలజీ చదివినవాడికి మించిన మనిషి దొరకడు. తెలంగాణ జైళ్ల శాఖ ఖైదీలతో పెట్రోల్ బంకులు నడిపించి చూపింది. అలాంటి పనులను ఆలోచించి, కొలిచి, మెరుగుపరిచే మనుషులు ప్రతి సెంట్రల్ జైలుకూ కావాలి.

దోషిని జైలుకు పంపకుండా పర్యవేక్షణలో విడిచిపెట్టే ప్రొబేషన్ గురించి మరీ ప్రత్యేకంగా చెప్పాలి. 1958 నుంచి చట్టం ఉన్నా చాలా కోర్టుల్లో దాన్ని తలచుకునే నాథుడే లేడు. బాలల న్యాయ చట్టం, 2015 ప్రకారం నేరారోపణ ఎదుర్కొంటున్న బాలుణ్ని బాలల న్యాయ బోర్డు ముందు హాజరుపరిచిన 15 రోజుల్లోగా ప్రొబేషన్ అధికారి సామాజిక దర్యాప్తు నివేదిక ఇవ్వాలి. అధికారి ఆ ఇంటికి వెళతాడు. తండ్రి ఏం పని చేస్తున్నాడు, ఇంట్లో తాగుడు ఉందా, పిల్లాడు బడి ఎప్పుడు మానాడు, ఎందుకు మానాడు, ఎవరితో తిరుగుతున్నాడు, టీచరు ఏమంటోంది, పొరుగువాళ్లు ఏమంటున్నారు అని ఒక్కొక్కటీ అడిగి రాసుకుంటాడు. ఆ కాగితాలు శ్రద్ధగా రాస్తే బాలుడికి బడీ కౌన్సెలింగూ దొరుకుతాయి. మొక్కుబడిగా నింపితే అతని బతుకు మరో దారి పడుతుంది. బోర్డులో మేజిస్ట్రేటుతోపాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలుంటారు, వారిలో ఒకరైనా మహిళ కావాలి. బాలల సంక్షేమ కమిటీలు, జిల్లా బాలల సంరక్షణ విభాగాలు కూడా ఉన్నాయి. ఈ పోస్టుల్లో చాలావాటికి సోషల్ వర్క్, సైకాలజీ, లా పట్టాలు పనికొస్తాయి. జీతాలు తక్కువ, చాలావరకు కాంట్రాక్టు పద్ధతి. ఆ మాట దాచి విద్యార్థిని రమ్మనడం న్యాయం కాదు. అయినా నేరాన్ని మొదట్లోనే ఆపగలిగే చోటు ఇదే.

న్యాయ సంహిత ఇప్పుడు కొన్ని చిన్న నేరాలకు సమాజ సేవను శిక్షగా చేర్చింది. అయిదు వేల రూపాయల లోపు దొంగతనంలో మొదటిసారి దోషిగా తేలినవాడు ఆ సొమ్ము తిరిగి ఇచ్చేస్తే ఈ శిక్షతో బయటపడొచ్చు. ఆ సేవ ఎక్కడ చేయించాలి, ఎవరు చూసుకోవాలి, ఎలా నమోదు చేయాలి అన్నవి తేల్చాలంటే ప్రొబేషన్ యంత్రాంగాన్ని బలపరచక తప్పదు.

బాధితుల పక్కన

మన వ్యవస్థ చాలాకాలం నిందితుడి చుట్టూనే తిరిగింది. బాధితురాలు ఒక సాక్షి మాత్రమే. ఇప్పుడు కొంత మారుతోంది. హైదరాబాద్‌లో 2014లో మహిళలపై వేధింపులను అడ్డుకునే షీ టీమ్స్, 2016లో భరోసా కేంద్రం వచ్చాయి. కౌన్సెలింగ్, వైద్యం, న్యాయ సహాయం ఒక్క చోటే అందడం భరోసా ప్రత్యేకత. అలాంటి సహాయమే అందించే సఖి కేంద్రాలు జిల్లాల్లోనూ పనిచేస్తున్నాయి. బాలలపై లైంగిక నేరాల (పోక్సో) కేసుల్లో బాలలకు తోడుగా సహాయక వ్యక్తిని నియమించే ఏర్పాటు ఉంది. కోర్టులో ఎక్కడ కూర్చోవాలో, ఏం అడుగుతారో, పరిహారం కోసం న్యాయ సేవల సంస్థకు ఎలా దరఖాస్తు చేయాలో పిల్లకూ తల్లికీ వాళ్ల భాషలో చెప్పే మనిషి ఆ సహాయకురాలు. ఎంఎస్‌డబ్ల్యూ, సైకాలజీ చదివిన అమ్మాయిలకూ అబ్బాయిలకూ ఇక్కడ చేతినిండా పని ఉంది.

సైబర్ నేరాలు, బ్యాంకులు, కంపెనీలు

పోలీసులమంటూ ఫోన్‌లో బెదిరించే మోసగాళ్ల ‘డిజిటల్ అరెస్ట్’ అనే మాట విన్నవాళ్లలో అలాంటిది చట్టంలోనే లేదని తెలిసినవారు ఎంతమంది? ఫోన్‌లోనే జీవితకాలపు పొదుపు ఊడ్చుకుపోతున్న ఈ రోజుల్లో సైబర్ మోసాల ఫిర్యాదుల 1930 నంబరుకు ఫోన్ రాగానే డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు పోయిందో పట్టుకోగల మనుషులు పోలీసుకూ బ్యాంకులకూ కావాలి. తెలంగాణ ఇందుకోసమే సైబర్ సెక్యూరిటీ బ్యూరో పెట్టింది. ప్రైవేటు రంగంలో బ్యాంకుల మోసాల నివారణ విభాగాలు, మనీ లాండరింగ్ తనిఖీ బృందాలు, ఆడిట్ సంస్థల ఫోరెన్సిక్ శాఖలు హైదరాబాద్‌లోనే నియామకాలు జరుపుతున్నాయి. బీకాం, బీటెక్ చదివినవాళ్లు సర్టిఫైడ్ ఫ్రాడ్ ఎగ్జామినర్ వంటి అర్హత జోడించుకుంటే ఈ దారిలో జీతం త్వరగా పెరుగుతుంది. ప్రైవేటు డిటెక్టివ్ సంస్థల సంగతి వేరు. వాటిని నియంత్రించే చట్టమే దేశంలో లేదు. అలాంటి చోట చేరేముందు ఒకరి కాల్ డేటా అక్రమంగా సంపాదించడం నేరమని గుర్తుంచుకోవాలి.

పై చదువులు, విదేశాలు

క్రిమినాలజీలో ఎంఏ చేయాలనుకునే తెలుగు విద్యార్థి ఎక్కువగా మద్రాసు, తిరునల్వేలి, ధార్వాడ విశ్వవిద్యాలయాల వైపు చూడాలి. ఖైదీల పునరావాసంపై ఆసక్తి ఉంటే టాటా సంస్థ చదువు మేలు. ఆ సంస్థ 1990లో మొదలుపెట్టిన ప్రయాస్ ప్రాజెక్టు జైళ్లలోనూ కోర్టుల్లోనూ సామాజిక కార్యకర్తల పని ఎలా ఉండాలో చూపింది. ఉద్యోగం మానకుండా చదవాలంటే నల్సార్ దూరవిద్యలో క్రిమినల్ జస్టిస్, ఫోరెన్సిక్ సైన్స్ డిప్లొమా ఉంది. బోధన వైపు వెళ్లేవాళ్లకు యూజీసీ నెట్‌లో క్రిమినాలజీ, ఫోరెన్సిక్ సైన్స్ రెండూ విడివిడి సబ్జెక్టులు.

విదేశాల విషయంలో కాస్త నిదానం అవసరం. అమెరికాలో పోలీసు, ఫెడరల్ ఉద్యోగాల్లో చాలావాటికి అక్కడి పౌరసత్వం కావాలి. పైగా క్రిమినల్ జస్టిస్ మాస్టర్స్ సాధారణంగా స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలోకి రాదు కనుక చదువు తర్వాత పనిచేసే గడువు తక్కువ. ఫోరెన్సిక్ సైన్స్, సైబర్ ఫోరెన్సిక్స్ ఆ జాబితాలో ఉన్నాయి. అప్పు చేసి వెళ్లే కుటుంబం ఈ తేడాను ముందే తెలుసుకోవాలి. బ్రిటన్‌లో ఒక్క ఏడాదిలో ముగిసే క్రిమినాలజీ మాస్టర్స్ ఉన్నాయి. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ క్రిమినాలజీ సంస్థ 1959 నుంచి ఈ రంగంలో ముందుంది. బ్రిటన్ ప్రభుత్వ చెవెనింగ్ ఉపకార వేతనానికి రెండేళ్ల పని అనుభవం అడుగుతారు. అందుకే డిగ్రీ అయిన వెంటనే వెళ్లే బదులు రెండు మూడేళ్లు ఇక్కడ లీగల్ ఎయిడ్‌లోనో భరోసాలోనో ల్యాబులోనో పనిచేసి వెళితే చదువుకు అర్థం, దరఖాస్తుకు బలం రెండూ వస్తాయి.

ఇప్పుడేం చేయాలి?

డిగ్రీ మొదటి ఏడాదిలోనే ఒక జిల్లా కోర్టుకు వెళ్లి పూటంతా వెనక బెంచీ మీద కూర్చుని చూడండి. రెండో ఏడాది సెలవుల్లో జిల్లా న్యాయ సేవల సంస్థలో పారాలీగల్ వాలంటీరుగా చేరే వీలుందేమో కనుక్కోండి. మూడో ఏడాదికి మీకు ఏ మజిలీ నచ్చిందో మనసుకు తెలిసిపోతుంది. అప్పుడు రెండో అర్హత ఎంచుకోండి. ఎస్సై పరీక్ష రాయాలనుకుంటే తప్పక రాయండి. దాని పక్కనే ఇంకో దారి సిద్ధంగా పెట్టుకుని రాయండి.

ప్రభుత్వాలు చేయాల్సిందీ ఉంది. ప్రొబేషన్ అధికారి, జైలు సంక్షేమ అధికారి, బాలల సంరక్షణ అధికారి పోస్టుల్లో క్రిమినాలజీని అర్హతగా చేర్చాలి. ఆ పోస్టులను శాశ్వతం చేయాలి. ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి వెళ్లాలని చట్టంలో రాస్తే సరిపోదు, వెళ్లే నిపుణుణ్ని నియమించాలి. మనకు నేరస్థుణ్ని పట్టుకునేవాళ్లు కావాలి. అంతకంటే తక్కువేమీ కాకుండా అమాయకుణ్ని విడిపించేవాళ్లు, బాధితురాలి చేయి పట్టుకుని కోర్టు మెట్లెక్కించేవాళ్లు, దారి తప్పిన పిల్లాణ్ని తిరిగి బడిలో కూర్చోబెట్టేవాళ్లు కూడా కావాలి. ఈ పనులన్నిటికీ ఈ చదువు పనికొస్తుందని పిల్లలకు ముందే చెప్పడం పెద్దల బాధ్యత. చెప్పిన పనికి జీతం, గౌరవం, భద్రత కల్పించడం ప్రభుత్వాల బాధ్యత.